పెళ్లి కెమెరాతో తీసిన దయ్యం

మా అక్కకు పట్టిందన్న దయ్యాన్ని వీడియో తీసింది పెళ్లిళ్లు తీసే కెమెరామెన్. ఈ మాట చెప్తే వినేవాళ్లు ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి, కొన్నిచోట్ల నేనే నవ్విస్తాను. కానీ ఆ క్యాసెట్ చూసిన రోజున అక్క అత్తగారి మీద పుట్టిన కసి నాలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేను ఏనాడూ అనుకోలేదు. క్షమ గొప్పదని బోధించేవాళ్లు ఇక్కడే ఆగిపోతే వాళ్లకూ నాకూ మంచిది.

మాది హనుమకొండలో చిన్న కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. డెబ్బైల చివర్లో అక్కను వరంగల్‌లో అడ్తి నడిపే ఇంటికి ఇచ్చాం. రైతులు తెచ్చిన మిర్చి, పత్తి దించుకుని, బేరం కుదిర్చి అమ్మిపెట్టే వ్యాపారం వాళ్లది. ఆ ఇంట్లో అడుగు పెడితే చాలు, నాకు తుమ్ములు మొదలయ్యేవి. గోడలకు కూడా మిర్చి ఘాటు పట్టి ఉండేది. అక్క అత్తగారు మాత్రం ఆ ఘాటులో హాయిగా తిరిగేది. నిండైన మనిషి, పెద్ద గొంతు, మంగళవారం శుక్రవారం తలస్నానం, నోరు తెరిస్తే పోచమ్మ పేరు. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. మామగారు లేరు, మా బావ ఉన్నా లేనట్టే.

అక్క నాలాంటిది కాదు. నా నోరంటే మా ఇంట్లో అందరికీ భయం. అక్క గొంతు పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. దానికి పెళ్లయిన కొన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు మాటలొచ్చి, ఇల్లంతా పరుగెత్తే వయసులో అక్క మళ్లీ నీళ్లు పోసుకుంది. ఈసారి మగపిల్లవాడు పుట్టాడు గానీ దవాఖానలోనే పోయాడు. ఇంకో కాన్పు ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పేసింది.

ఆ తర్వాత అక్క మాట్లాడడం తగ్గించేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చునేది. మధ్యాహ్నాలు తలగడను ఒళ్లో పెట్టుకుని ఊపుతూ ఏదో పాడుకునేది. పెద్దపిల్లకు జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆపేసి కళ్లనీళ్లు పెట్టుకునేది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేసే పనులే అవన్నీ. దానికి ఏడుపు అని పేరు. అక్క అత్తగారు దానికి దయ్యం అని పేరు పెట్టింది.

ఎందుకు పెట్టిందో చెప్తాను. ఆమెకు మనవడు కావాలి. మనవడు కావాలంటే కొడుక్కి మళ్లీ పెళ్లి చేయాలి. అప్పటికే ఒక సంబంధం వాళ్లతో మాటలు నడుస్తున్నాయి. ఏ తప్పూ లేని కోడలిని పుట్టింటికి తోలేస్తే మా కులంలో పెద్దమనుషులు ఊరుకోరు. అదే దయ్యం పట్టిందంటే ఎవరూ నోరెత్తరు. పైగా పిల్లను కూడా తమ దగ్గరే ఉంచుకోవచ్చు. మా నాన్న మాట్లాడడానికి వెళ్తే ఆమె గడపలోనే నిలబెట్టి చెప్పిందట.

“మీ బిడ్డను మీరు తీస్కపోండ్రి. పిల్ల మా ఇంటి పిల్ల. దయ్యమున్నదాని ఒళ్లె పండుకోబెడ్తమా? రేపు గొంతు పిసికితే ఎవలు జవాబు?”

నాన్న వెనుదిరిగి వచ్చేశాడు. ఆడపిల్లనిచ్చిన తండ్రి కదా, నోట్లో నాలుక లేనట్టు ఉండాలని ఎవరో ఆయనకు చిన్నప్పుడే నేర్పారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. వెళ్లి ఆమె జుట్టు పట్టుకుని బజారులోకి ఈడుస్తానన్నాను. అమ్మ నన్ను బియ్యం గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

కొద్దిరోజులకు ఒక సాయంత్రం బావ అక్కను ఆటోలో తీసుకొచ్చి మా దుకాణం ముందు దించాడు. అక్క కళ్లు వాచి మూసుకుపోయాయి. చేతుల మీద వేపబరిగెల వాతలు తేలి ఉన్నాయి. చీర నిండా మిర్చి పొగ వాసన. పిల్ల లేదు.

“సామిని పిలిపిచ్చినం. దయ్యం ఒప్పుకున్నది,” అన్నాడు బావ, మా ఎవరి మొహమూ చూడకుండా. “ఈ పిల్లను గుడ తీస్కపోత అన్నది. ఉత్తగ అంటలేను, క్యాసెట్ల ఉన్నది. ఆదివారం పెద్దమనుషులు మా ఇంట్ల కూసొని చూస్తరు. మీరు గుడ రాండ్రి.”

సంచి గట్టు మీద పెట్టి అదే ఆటోలో వెళ్లిపోయాడు. కూర్చోమనే అవకాశం కూడా ఇవ్వలేదు. ఇచ్చినా నేను కూర్చోమనేదాన్ని కాదు.

అక్కను ఎంత అడిగినా ఏం జరిగిందో చెప్పలేదు. గోడకు ఆనుకుని, “నా బిడ్డ తిన్నదో లేదో,” అని ఒక్కటే మాట. వాతలకు అమ్మ వెన్న రాస్తుంటే కూడా అదే మాట. ఆదివారం పెద్దమనుషులు ఆ క్యాసెట్ నమ్మితే పిల్ల శాశ్వతంగా వాళ్లదవుతుంది. అక్క బతికినన్నాళ్లూ దయ్యం పట్టిన మనిషిగా మా వెనక గదిలో ఉండాలి. మా ముందు ఉన్నది ఇంతే, దీనికి మా దగ్గర జవాబు లేదు.

జవాబు తనంతట తానే సైకిల్ మీద వచ్చింది. ఆ వీడియో తీసిన కెమెరామెన్ మా దుకాణం ముందు సైకిల్ స్టాండ్ వేసి, కాగితంలో చుట్టిన క్యాసెట్ ఒకటి నాన్న చేతిలో పెట్టాడు.

“అన్నా, మీ కాపీ.”

“ఏం కాపీ?” అన్నాడు నాన్న.

“మొన్నటి వీడియోది. ఎప్పుడైన రెండు జేస్త గద. పిల్ల తరఫున ఒకటి, పిలగాని తరఫున ఒకటి. వాళ్ల దాంట్ల మొదట కొంచెం కట్ చేపిచ్చుకున్నరు. మీ దాంట్ల మొత్తం ఉన్నది. మంచిగొచ్చింది.”

ఆయన అమాయకుడని నేను అనను. మనిషిని కొడుతుంటే వెలుతురు సరిపోయిందా లేదా అని చూసుకున్నవాడు అమాయకుడెలా అవుతాడు? కానీ పెళ్లి వీడియో అంటే రెండు కాపీలని ఆయన చేతికి అలవాటైపోయింది. ఏ ఇంటికి పిలిచినా ఆయనకు అది పెళ్లిల్లే. ఎన్నో ఇళ్లలో అటొకటి ఇటొకటి ఇచ్చినట్టే ఇక్కడా ఇచ్చాడు. అలా ఇవ్వొద్దని ఆయనకు చెప్పాలని వాళ్లెవరికీ తోచలేదు.

మాకు టీవీ లేదు. టీవీ, వీసీఆర్ కలిపి అద్దెకిచ్చే షాపు నుంచి దుప్పటి చుట్టి రిక్షాలో తెప్పించాం. రిక్షా ఆగగానే పక్కింటివాళ్లు వచ్చి ఏ సినిమా అని అడిగారు. అమ్మ దేవుడి సినిమా అని చెప్పి, పట్టపగలు తలుపులన్నీ మూసేసింది. దేవుడి సినిమాకు కూడా పిలవలేదని ఆ ఇంటావిడ మాతో చాలాకాలం మాట్లాడలేదు. నాన్న, అమ్మ, నేను చాప మీద కూర్చున్నాం. అక్క రానంది. వంటింట్లో ఉండిపోయింది.

మొదట వినాయకుడి బొమ్మ వచ్చింది. తర్వాత అట్ట మీద అతికించిన రంగు అక్షరాల్లో శుభమస్తు అని వచ్చింది. సన్నాయి మొదలైంది. అక్క అత్తగారింటి గుమ్మం, గుమ్మానికి తోరణం, దాని కింద ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడ్డ చుట్టాలు వరసగా వచ్చారు. దయ్యాన్ని వదిలిస్తున్నామని కబురు పంపితే వాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. భూతవైద్యుడు అర్ధరాత్రి చేస్తానన్నాడట, కెమెరామెన్ పగలైతే పిక్చర్ బాగా వస్తుందన్నాడట. దయ్యానికి కూడా అభ్యంతరం లేకపోయింది కాబోలు, పొద్దున్నే చేశారు.

పెళ్లిలో తాళికట్టు కంటే ముందు కెమెరామెన్ పెళ్లికూతురు ముస్తాబు తీస్తాడు. అద్దంలో మొహం, జడలో పువ్వులు, పక్కన నవ్వుతున్న ఆడవాళ్లు. ఈయన అదే వరస తప్పకుండా అక్క ఉన్న లోపలి గదిలోకి వెళ్లాడు. అక్కడ జడ వేయడం లేదు, విప్పుతున్నారు. ఆయన అలవాటుగా అద్దంలోకి కెమెరా పెట్టాడు. “అమ్మా, జర మొఖం పైకెత్తు. అట్ల. బాగున్నది,” అని ఆయన గొంతు కూడా వినిపించింది. అద్దంలో అక్క, అక్క వెనక అత్తగారు కనిపించారు. అక్కడ సన్నాయి ఆగిపోయింది.

ఇక్కడ అత్తగారు చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో పెళ్లి క్యాసెట్లలో మనుషుల మాటలు వినిపించేవి కావు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలో సన్నాయో ఎక్కించేసేవారు. పురోహితుడి పెదాలు కదిలేవి, పాట వచ్చేది. అందుకని వీడియోలో బొమ్మే తప్ప మాట పడదని ఆమె అనుకుంది. దయ్యం మాటలు వినపడాలని ఆమె కొడుకు కెమెరామెన్‌కు ముందే చెప్పిపెట్టాడు. ఆయన ముస్తాబు దగ్గర నుంచే సన్నాయి తీసేశాడు. ఆమె తన కాపీ చూసుకున్నాకే సంగతి తెలుసుకుని ఆ ముక్క కోయించుకుంది.

మా కాపీలో ఆ ముక్క ఉంది. ఆమె అక్క చెవి దగ్గరికి వంగి, పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

“సామి అడిగినప్పుడు నేను చెప్పినట్టు అను. ‘ఈ పిల్లను గుడ తీస్కపోత’ అను. గంతే. అన్నవంటే పొద్దూకేవరకు నీ బిడ్డ నీ ఒళ్లె ఉంటది. అనకుంటే ఇగ దాని మొఖం జూడవు.”

“అంటే ఇస్తవా అత్తమ్మా?” అంది అక్క.

“పోచమ్మ తోడు. ఇస్త.”

అద్దంలో అక్క పెదాలు కదిలాయి. ఆ మాటను మెల్లగా అనుకుని చూసుకుంది. మళ్లీ ఒకసారి అనుకుంది. బడిలో అప్పజెప్పే ముందు చేసినట్టు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

తర్వాత ముగ్గు, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు. భూతవైద్యుడు నిప్పుల మీద మిరపకాయలు పోశాడు. అడ్తివాళ్ల ఇల్లు, మిరపకాయలకు కొదవేముంది? పొగలో అక్క ఉక్కిరిబిక్కిరి అయి దగ్గింది. వేపబరిగెతో కొట్టాడు. గదిలో చీకటిగా ఉందని లైటు పట్టుకోవడానికి ఎవరో కావాల్సి వచ్చింది. గోడ మీద నీడను చూసి గుర్తుపట్టాను. లైటు పట్టుకున్నది మా బావ. పొగ పక్కకు పోయినప్పుడల్లా లైటును కూడా పక్కకు జరుపుతూ, అక్క మొహం బాగా కనపడేలా పట్టుకున్నాడు.

“ఎవలు నువ్వు? ఏం గావాలె?” అని వైద్యుడు అడిగాడు. అక్క దగ్గుల మధ్యలో ఆ మాట అనేసింది. అని, వైద్యుడి వైపు చూడలేదు. అత్తగారి వైపు చూసింది. సరిగ్గా చెప్పానా అని అడుగుతున్న చూపు అది. నేను ఇప్పటిదాకా చూసినవాటిలో అంత ఘోరమైనది ఇంకోటి లేదు.

ఆపైన సన్నాయి మళ్లీ మొదలై భోజనాల బంతి వచ్చింది. వారం ఉపవాసం ఉన్నానని చెప్పిన వైద్యుడు విస్తరి ముందు కూర్చుని గారెలు అడిగి వేయించుకుంటున్నాడు. “సామీ, జర ఇటు చూడండ్రి,” అంటే కెమెరా వైపు తిరిగి నవ్వాడు. చివర శుభం అని పడింది.

నేను వెనక్కి తిప్పి ఆ అద్దం ముక్కను మళ్లీ చూశాను. మళ్లీ తిప్పాను. ఆమె మాటల్లో ఒక్క అక్షరం కూడా మర్చిపోకూడదని చూశాను. అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నా బిడ్డ కనబడ్డదా అండ్ల?” అని అడిగింది.

కనపడింది. తోరణం కింద నిలబడ్డ చుట్టాల్లో నానమ్మ చంకలో ఉంది, రెప్పపాటు సేపు. అక్క కోసం అక్కడికి తిప్పి ఆపాను. ఆపితే బొమ్మ వణుకుతూ గీతలు గీతలుగా వచ్చింది. అక్క టీవీ దగ్గరికి వెళ్లి కూర్చుని ఆ వణుకుతున్న బొమ్మనే చూసింది. మిగతాదేదీ చూడలేదు. “చిక్కిపోయింది,” అంది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల హాల్లో తెల్ల దుప్పట్లు పరిచి, దిండ్లు వేశారు. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. రెండో సంబంధం వాళ్ల తరఫున పెళ్లికూతురి మేనమామ కూడా ఒక మూల కూర్చున్నాడు. అంత ధైర్యం వాళ్లకు. కలర్ టీవీ మీద అల్లిక గుడ్డ తీసి, అత్తగారు దానికి అగరొత్తులు వెలిగించింది. మొదట వినాయకుడు వస్తాడు కదా. అక్క కొంగు కప్పుకుని తలుపు పక్కన కూర్చుంది. పిల్లను లోపలి గదిలో ఉంచారు.

బావ తమ క్యాసెట్ తీస్తుంటే నేను కాలేజీ సంచిలోంచి మాది తీశాను.

“మా కాపీ గుడ ఉన్నది. అదే చూద్దం,” అన్నాడు నాన్న. ఆ ఇంట్లో నాన్న గొంతెత్తడం నేను మొదటిసారి విన్నాను.

“ఏదైతేంది, రెండు ఒక్కటే గద,” అన్నాడు అందరిలోకి పెద్దాయన.

అత్తగారి మొహంలో మా కాపీ ఏంటన్న ప్రశ్న తేలేలోపు నేను క్యాసెట్ తోసేశాను. టీవీ వైపు నేను చూడలేదు. చూసిందే కదా. ఆమె మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. సినిమాకు వెళ్లి అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ కూర్చోలేదు.

అద్దం వచ్చింది. ఆమె గొంతు ఆమె హాల్లోనే, ఆమె దిండ్ల మధ్య, పోచమ్మ తోడు అంది. గుమ్మాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మేనమామ కాళ్లు చెప్పుల కోసం వెతుక్కున్నాయి. పెద్దాయన గొంతు సవరించుకుని ఆమె వైపు తిరిగాడు. ఆమె నుదుటి మీద చెమట కుంకుమను కరిగించి ముక్కు మీదికి తెస్తోంది. ఆ చెమటను నేను ఎంత ఆనందంగా చూశానో చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

అప్పుడు ఆమె పెద్ద కేక పెట్టి, కొప్పు ఊడదీసుకుని, శిగమూగడం మొదలుపెట్టింది.

మా వైపు శిగమంటే అమ్మవారు ఒంటి మీదికి రావడం. అది వస్తే ఎంత పెద్దమనిషైనా లేచి దండం పెట్టాల్సిందే. పెద్దాయన నోటిదాకా వచ్చిన మాట మింగేసి చేతులు జోడించాడు. అందరూ లేచారు. “పోచమ్మ తల్లి వచ్చింది,” అన్నారెవరో. టీవీలో నిమ్మకాయలు కోస్తున్నారు, చూసేవాళ్లు లేరు. చేతికి అందింది జారిపోతున్నట్టు అనిపించింది. “నాటకం,” అన్నాను గట్టిగా. మా అమ్మే నా నోరు మూసింది. నిజంగా అమ్మవారైతే ఎలా అని ఆమె భయం. అంత జరిగాక కూడా.

ఆ గందరగోళంలో అక్క లేచింది. ఆ ఇంట్లో దీపం ఎక్కడుందో, పసుపు ఎక్కడుందో దానికి తెలుసు. పూజ గదిలోకి వెళ్లి చెంబుతో పసుపునీళ్లు, పళ్లెంలో కర్పూరం తెచ్చింది. శిగం వస్తే నీళ్లు పోసి హారతి పట్టేది ఇంటి కోడలే, ఎవరూ అడ్డుకోలేదు. అత్తగారి కాళ్ల మీద నీళ్లు పోసింది. బొట్టు పెట్టింది. హారతి వెలిగించింది. ఇవన్నీ తొందరపడకుండా, పండగనాడు చేసినట్టు చేసింది.

శిగంలో అమ్మవారిని అడగొచ్చు. అడిగినదానికి ఆమె చెప్పాలి. చెప్పిన మాటను ఇంటివాళ్లు దాటకూడదు. నిజంగా అమ్మవారైతే అరచేతిలో కర్పూరం వెలిగించినా కాలదని కూడా మావాళ్ల నమ్మకం. ఇవి ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. ఊగుతున్న ఆమెకు అందరికంటే బాగా తెలుసు. కొప్పు విప్పేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

“తల్లీ, చెయ్యి పట్టు,” అన్నాడు పెద్దాయన భక్తిగా.

పట్టక ఏం చేస్తుంది? అరచెయ్యి తెరిచింది. అక్క అందులో కర్పూరం బిళ్ల పెట్టింది. మండుతున్న పళ్లేన్ని ఆ చేతికి కొంచెం ఎడంగా పట్టుకుంది.

“తల్లీ, నీ పేరు మీద ఒట్టు పెట్టి నా బిడ్డనిస్తనన్నరు. ఇయ్యలే. నువ్వే చెప్పు. నా బిడ్డ ఎవలది?”

“నాకు బోనం తక్కువ జేసిండ్రు,” అని ఆమె ఊగుతూ మూలిగింది.

“బోనం జేస్త తల్లీ.” అక్క పళ్లెం దగ్గరికి జరిపింది. “నా బిడ్డ ఎవలది?”

“నా గుడి కాడ దీపం పెడ్తలేరు.”

“పెడ్త తల్లీ.” ఇంకొంచెం జరిపింది. మంట వెలుగు ఆమె వేళ్ల మీద పడింది. “నా బిడ్డ ఎవలది?”

అక్క గొంతు పెరగలేదు. అయినా ఆ హాల్లో చివరి మనిషికి కూడా వినిపించింది. ఆమె ఊగడం ఆగిపోయింది. కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి, మంట మీదే ఉన్నాయి.

“నీదే. నీదే. తీస్కపో,” అంది.

అక్క పెద్దాయన వైపు తిరిగి, “విన్నరు గద మామా,” అంది. ఆయన తలాడించాడు. అమ్మవారి మాట మీద ఆయనకు మాట లేదు. ఒకవేళ అమ్మవారు కాదనుకుంటే టీవీ ఉంది. ఎటు చూసినా పిల్ల మాదే. అక్క పళ్లేన్ని దేవుడి ముందు పెట్టింది, కర్పూరం అంటించకుండా. నేనైతే అంటించేదాన్ని. ఇప్పుడు అవకాశమిచ్చినా అంటిస్తాను.

అక్క లోపలి గదిలోకి వెళ్లి పిల్లను ఎత్తుకుని వచ్చింది. నేను క్యాసెట్ తీసి సంచిలో పెట్టుకున్నాను. టీవీ పక్కన తల వంచుకుని నిలబడ్డ బావ దగ్గర ఆగి, “లైటు మంచిగ పట్టినవ్ బావా,” అన్నాను.

రిక్షాలో పిల్ల తల్లి ఒళ్లోంచి జారి నా ఒళ్లోకి వచ్చేసింది. తల్లిని పక్కచూపు చూస్తూ కూర్చుంది. అన్నాళ్లూ దానికి ఏం నూరిపోశారో తెలుస్తూనే ఉంది. అక్క బలవంతంగా లాక్కోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. హంటర్ రోడ్డు మలుపు తిరిగాక పిల్ల నా చెవిలో అడిగింది.

“చిన్నమ్మా, అమ్మల దయ్యం పోయిందా?”

“పోయింది,” అన్నాను. అసలు లేనే లేదని చెప్పాల్సింది. కానీ అది అంతకంటే ముందే తేల్చుకుంది.

“నానమ్మ లోపటికి పోయింది. నేను తలుపు సందుల నుంచి జూసిన. ఎంటికలు ఇడిసి ఊగింది,” అంది. అని, ఇక భయం లేదన్నట్టు తల్లి దగ్గరికి జరిగి చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

ఆ తర్వాత క్యాసెట్‌ను నేను ఊరికే ఉంచలేదు. వీసీఆర్ ఉన్న మావాళ్లలో అడిగినవాళ్లందరికీ ఇచ్చాను. అడగనివాళ్లకు కూడా ఇచ్చాను. నాన్న వద్దన్నా ఇచ్చాను. వైద్యుడు గారెలు అడిగే చోట జనం నవ్వి నవ్వి మళ్లీ వెనక్కి తిప్పించుకునేవారట. ఆయన ఖమ్మం వైపు ఎటో వెళ్లిపోయాడని విన్నాం. రెండో సంబంధం వాళ్లు ఆ ఆదివారమే చెప్పులేసుకున్నారు. ఆ తర్వాత ఇంకెవరూ ఆ గడప ఎక్కలేదు. అత్తగారికి వచ్చింది అమ్మవారా, నాటకమా అని ఆ వీధి ఎప్పుడూ తేల్చుకోలేదు గానీ, ఆ ఇంట్లో ఏదో ఉందన్న మాట మాత్రం నిలిచిపోయింది. పేరంటాలకు పిలిస్తే వెళ్లేవాళ్లు తగ్గారు. అక్క మాతోనే ఉండి, దవాఖానలో ఒక మంచి డాక్టరమ్మ ఇచ్చిన మందులు వాడి, మెల్లగా దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టింది. మాటలు తిరిగొచ్చాయి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది.

ఎనభైలు అయిపోవస్తుండగా ఒక పొద్దున బావ మా దుకాణం మెట్ల దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా నలిగి ఉంది. పైకి రమ్మని ఎవరూ అనలేదు. వాళ్లమ్మ మంచాన పడిందనీ, ఎక్కువ రోజులు బతకదనీ చెప్పాడు.

“మనుమరాల్ని జూస్తనని ఒక్కటే కలవరిస్తాంది. ఒక్కసారి తోలియ్యండ్రి. నేనే మళ్ల దించిపోత,” అన్నాడు.

నాన్న అక్క వైపు చూశాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది, ఆయనకు ఎవరి మీదైనా జాలి కలుగుతుంది. అక్క మెట్ల మీద కూర్చుని, బడికి తయారవుతున్న పిల్లకు జడ వేస్తోంది.

“నానమ్మ నిన్ను జూస్తనంటాంది. పోతవా?” అని అడిగింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. జడ చేతిలోంచి జారితే అక్క మళ్లీ పట్టుకుంది.

“వద్దమ్మా, నాకు భయం. ఆ ఇంట్ల దయ్యం ఉన్నది గదా,” అంది పిల్ల.

బావ అక్క వైపు చూశాడు. నాన్న కూడా చూశాడు. లేదు బిడ్డా అని ఒక్క మాట అంటే చాలు, పిల్ల వెళ్లేది. మా అక్క ఎవరినీ నొప్పించే మనిషి కాదని వాళ్లిద్దరికీ తెలుసు, ఆ మాట అంటుందనే వాళ్లు ఎదురుచూశారు. అక్క రిబ్బన్ రెండు మడతలు పెట్టి, ముడి గట్టిగా బిగించింది.

“ఉన్నది,” అంది.